తేతల్ కడుపు కొలత

దానికి ఇంగ్లిషులో వేరే పేరు ఉంది. పలకడం నాకెప్పుడూ సరిగా రాలేదు. మా దగ్గర జంతువులను చూసుకునే సూడాన్ ముసలాయన దాన్ని తేతల్ అంటాడు. వాళ్ల దేశంలో అట్లాగే పిలుస్తారట. మాకందరికీ ఆ పేరే నోటికి పట్టింది.

చూడగానే మనసుకు నచ్చే జంతువు కాదు. గుర్రం మొహాన్ని పట్టి కిందికి సాగదీసినట్టు ఉంటుంది. భుజాలు ఎత్తు, నడుము కుంగు, ముందు బరువు ఎక్కువైన బండిలాగా. ఒంటి రంగు ఎండిన జొన్నచొప్ప రంగు. కొమ్ములు మాత్రం ఆడదానికీ మగదానికీ రెండింటికీ ఉంటాయి, ఒకే మొదలు నుంచి లేచి, పక్కలకు వంగి, మళ్లీ వెనక్కి తిరుగుతాయి. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో పట్టి, పెట్టెల్లో పెట్టి, విమానంలో తెచ్చినవి. దొడ్లో పుట్టినవి కావు. ఏడు వచ్చాయి. ఈ కథ మొదలయ్యే నాటికి ఒక మగది, ఒక ఆడది మిగిలాయి.

నేను పని చేసేది రియాద్ నుంచి గంటన్నర దూరంలో ఉన్న ఒక మజ్రాలో. మజ్రా అంటే ఇక్కడ తోట, పశువుల కొట్టాలు, సెలవుల్లో వచ్చి ఉండే ఇల్లు అన్నీ కలిసిన చోటు. ముందు వైపు ఖర్జూరాలు, పక్కన ఒంటెలు, వెనక ఎత్తైన కంచె లోపల ఈ ఆఫ్రికా జంతువులు. దాణా స్టోరు నా చేతిలో ఉంటుంది. అంతకుముందు రియాద్‌లో కట్టుబడి పనుల్లో ఉండేవాణ్ణి. చదువు పదో తరగతి దాటలేదు గానీ, మేస్త్రీల పక్కన నిలబడి నిలబడి, గోడ చూస్తే ఇటుకలెన్ని, స్లాబు చూస్తే సిమెంటు ఎంత అని చెప్పడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. చెప్పి, కట్టాక సరిచూసుకుని, తప్పు ఎక్కడ పడిందో వెతుక్కుని, మళ్లీ చెప్పి, అట్లా వచ్చిన విద్య. అందుకే కొలవకుండా ఏ వస్తువునూ చూడలేను. భోజనానికి కూర్చుంటే ఖుబ్బూస్ రొట్టె అడ్డం ఎంతో కన్ను తనకు తానే చెప్పేస్తుంది.

ఫోటోల పని నా మెడకు చుట్టుకున్నది మా ముదీర్ వల్ల. ముదీర్ అంటే మేనేజరు. ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి. యజమాని మజ్రాకు చలికాలంలో తప్ప రాడు. మిగతా రోజుల్లో ఆయనకు ప్రతి జంతువు ఫోటో నెలకొకటి ఫోనులో పంపాలి. పొడుగు లెన్సు ఉన్న కెమెరా ఒకటి ఇంట్లో ఊరికే పడి ఉంటే ముదీర్ నా చేతికిచ్చి, "నువ్వు కంప్యూటర్ ముంగట కూసుంటవ్ కదా మియా, ఇది గూడ చూస్కో" అన్నాడు. దాణా లెక్కలు కంప్యూటర్లో రాసేవాడికి ఫోటోలు తీయడం కూడా వచ్చే ఉంటుందని ఆయన ఉద్దేశం.

వచ్చేసరికి చాలా కాలం పట్టింది. పొద్దెక్కితే నేల నుంచి ఆవిరి లేచి, ఫోటోలో జంతువు కాళ్లు నీళ్లలో నీడల్లా వంకరలు తిరుగుతాయి. కాబట్టి తెల్లవారగానే తీయాలి. మనిషి నడిచి వస్తే తేతల్ దూరం పోతుంది, పికప్ వస్తే పోదు. కాబట్టి బండి కిటికీలోంచి తీయాలి. రెండూ ఒకేసారి పడుకోవు. ఒకటి పడుకుంటే రెండోది నిలబడుతుంది. ప్రహరీ కట్టినప్పుడు మిగిలిన కంకర కుప్ప ఒకటి కంచె లోపలే ఉండిపోయింది. మగది దాని మీద ముందు కాళ్లు ఎత్తుగా పెట్టి నిలబడేది. వాటి దేశంలో చెదపుట్టల మీద అట్లా నిలబడి కాపలా కాస్తాయని ముసలాయన చెప్పాడు. ఇక్కడ కాపలా కాయడానికి ఏముంది? వాటర్ ట్యాంకరు, కోళ్ల షెడ్డు, దూరంగా రోడ్డు మీద లారీలు. అయినా నిలబడేది.

ఆడదాన్ని భుజం మీద ఉన్న నల్లటి మరకతో గుర్తుపట్టేవాళ్లం. కంటి కింద నుంచి కారే జిగురును అది భుజానికి రుద్దుకుంటుంది. ఇంకొక అలవాటు కూడా ఉండేది. మనిషి కనిపించే దూరంలో ఉన్నంతసేపూ వీపు చూపేది కాదు. మొహం చూపుతుంది, లేదా పక్క చూపుతుంది. మనం ఎటు నడిస్తే అదీ అటే తిరుగుతుంది. దాని ఫోటోలు నా దగ్గర వందల్లో ఉన్నాయి, వెనక నుంచి తీసినది ఒక్కటీ లేదు.

పక్క నుంచి తీసిన ఫోటోలతోనే నా కొలత మొదలైంది. కంచె ఇనుప గుంజలు నేను కొలిచినవే. జంతువు కంచె పక్కన అడ్డంగా నిలబడ్డప్పుడు, ఎప్పుడూ ఒకే చోట బండి ఆపి ఫోటో తీస్తే, గుంజను బట్టి దాని ఎత్తు తెలుస్తుంది. ఛాతీ లోతు, కడుపు లోతు, ముందు కాలి పొడవు, ఈ మూడూ స్క్రీను మీద స్కేలు పెట్టి చూసేవాణ్ణి. కడుపు లోతును కాలి పొడవుతో భాగిస్తే వచ్చే అంకె ఒకటి ఉంటుంది. కాలు పెరగదు కాబట్టి అంకె మారితే కడుపు మారినట్టు. ఎండాకాలంలో దాణా సరిపోతోందో లేదో ముందే పసిగట్టాలని మొదలుపెట్టాను. మొదటి ఎండాకాలంలో అయిదు పోయాయి. వాటిలో నాలుగు చిక్కిపోవడం మా కళ్లకు ఆనేసరికి ఆలస్యమైపోయింది. ఈసారి కన్ను కన్నా ముందు అంకె చెప్పాలి.

ఇక్కడ దాణా సంగతి ఒకటి చెప్పాలి. మొదట్లో ఇనుప తొట్లలో బర్సీం గడ్డి వేసేవాళ్లం. యజమాని ఒకసారి నేను పంపిన ఫోటో చూసి ముదీర్‌కు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇది గొర్రెల దొడ్డి అనుకున్నారా, వీటిని అడవి చూపించడానికి తెచ్చానా, తొట్టి చూపించడానికి తెచ్చానా అని. తర్వాతి రోజే తొట్లు తీసేశారు. గడ్డి మొలిపించాలని విత్తనాలు చల్లారు, మొలిచింది మొలిచినట్టే మాడిపోయింది. ఇక బర్సీంను విప్పి నేల మీదే పలచగా పరిచేవాళ్లం. ఇంటి పైన గ్యాలరీలోంచి చూసేవాళ్లకు అవి మైదానంలో తలవంచి మేస్తున్నట్టే ఉండేది. నా ఫోటోలూ అప్పటి నుంచే అందంగా వచ్చాయి. తల నేల మీద, మొహం చుట్టూ పొద్దుటి వెలుతురులో లేచే సన్నటి దుమ్ము. యజమాని వాటిని స్నేహితులకు పంపుకునేవాడు.

ఎండాకాలం వచ్చింది. మగది కొంచెం తగ్గింది. ఆడదాని అంకె తగ్గలేదు. పెరిగింది.

మొదట నా చేతి వణుకు అనుకున్నాను. మళ్లీ తీశాను, మళ్లీ కొలిచాను. తర్వాతి నెల ఇంకొంచెం. ఆ పై నెల ఇంకొంచెం. వీపు మీద ఎముకలు మాత్రం కొద్దిగా తేలుతున్నాయి. చూడి పశువు అంతే కదా, తిన్నదంతా లోపలి దానికి పోతుంది, వీపు తేలుతుంది, కడుపు దిగుతుంది. మా కడప జిల్లాలో పుట్టిన ఎవరికైనా ఇది తెలుసు.

ముసలాయన దగ్గరికి పోయి ఫోను చూపించాను. ఆయన నన్ను ముహందిస్ అని పిలుస్తాడు, ఇంజనీరు అని. సగం వెక్కిరింత, సగం ముద్దు. మా ఇద్దరి మధ్య నడిచేది అరబ్బీ, హిందీ కలిసిన మాట.

"ముహందిస్, నీ గీతలు నాకు అర్థం కావు. ముక్క చెప్పు," అన్నాడు.

"కడుపు పెరుగుతోంది హాజీ. నాలుగు నెలలుగా ఆగకుండా."

ఆయన ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. తర్వాత ఫోను నాకిచ్చి కంచె దగ్గరికి నడిచాడు. చాలాసేపు జాలీ పట్టుకుని నిలబడ్డాడు. తిరిగి వచ్చి, "చిన్నప్పుడు మా ఊరి బయట ఇవి మందలు మందలుగా పోయేవి. ఒక మంద దాటేవరకు మా మేకలను ఆపుకుని కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఒక్కటి కూడా లేదంటారు. యుద్ధం వాటినీ తినేసింది," అన్నాడు. మళ్లీ కంచె వైపు తిరిగి, "ఇక్కడ పుడితే పుట్టనీ. ఎక్కడో ఒక చోట పుట్టాలి కదా," అన్నాడు.

ఆ మాటతో నాకూ ఆశ పుట్టింది. అప్పటిదాకా అది అంకె మాత్రమే.

నీళ్ల ట్యాంకరు నడిపే కుర్రాణ్ణి నేను తమ్ముడూ అంటాను, కోరుట్ల పక్క పల్లె వాడు. రోజు విడిచి రోజు వస్తాడు. వాడికి ఇదంతా పెద్ద వేడుక.

"ఏందన్నా, పొద్దుగాల లేస్తే జింక కడుపు కొల్సుడేనా? నా పెండ్లాం కడుపుతోటి ఉన్నప్పుడు గూడ గింత కొల్వలే మేం."

"నువ్వు నీళ్లు పోసి పో అబ్బీ. నీకేం తెల్సు దీని సంగతి."

"నాకు తెల్వక? మా ఇంట్ల మూడు బర్లున్నయి. చూడిదైతే బర్రె నడుస్తుంటెనే తెలుస్తది. గీ స్కేలు గీలు ఎందుకు?"

"అయితే చూసి చెప్పు. సూడిదా కాదా?"

వాడు ట్యాంకరు మెట్టు మీద ఎక్కి, చేయి కంటికి అడ్డం పెట్టుకుని చూశాడు. "కడుపైతే ఉంది. పెద్దగనే ఉంది. గని అన్నా, దీని మొకం జూసి ఏం జెప్తం? సంతోషంల ఉన్నా గట్లనే ఉంటది, దుఃఖంల ఉన్నా గట్లనే ఉంటది."

ఇంటికి ఫోను చేసినప్పుడు మా ఆమెకూ ఫోటోలు పంపాను. ఆమె చేతి మీదుగా ఈనిన పశువులు తక్కువేమీ కాదు.

"ఇది జింకా, గుర్రమా? యాడ దొరికింది మీకిది?" అని నవ్వింది. తర్వాత, "పొదుగు దిగిందా?" అని అడిగింది.

"కనపడదు. పక్క నుంచే తీసేదానికి కుదురుతుంది."

"పొదుగు సూపీకుండా ఉత్త కడుపు సూపిస్తే నేనెట్లా చెప్పేది? ఎనక నుంచి ఒకటి తీయండి."

"అది వీపు తిప్పదు."

"అయితే తిప్పినప్పుడు అడుగుదురు లే," అంది.

అడవి జంతువులకు పొదుగు చిన్నదిగా ఉంటుంది, చివరి రోజుల దాకా దిగదు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎక్కడా విన్న మాట కాదు. కావాల్సిన మాట.

ముదీర్‌కు చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే బార్లీ అదనంగా ఇవ్వాలంటే ఆయన ఒప్పుకోవాలి. చెప్పగానే కుర్చీలోంచి లేచాడు.

"పక్కానా మియా?"

"నూటికి ఎనబై సాబ్."

"మిగతా ఇరవై ఏంది?"

"డాక్టరు చేయి పెట్టి చూస్తే గానీ తెలీదు. చూడాలంటే మత్తు సూది వేయాలి. మత్తులో ఒకటి పోయింది కదా ఇదివరకే."

మొదటి ఎండాకాలంలో పోయిన అయిదింటిలో ఒకటి అట్లాగే పోయింది, కాలి గాయానికి మందు పెట్టబోయి. ఆ తర్వాత మత్తు అనే మాట మజ్రాలో ఎవరూ ఎత్తలేదు. ముదీర్ కాసేపు గడ్డం నిమురుకుని యజమానికి ఫోను చేశాడు. నా ఎదురుగానే, నూటికి నూరు అని చెప్పాడు.

ఇక మజ్రా మొత్తం దాని చుట్టూ తిరిగింది. కంచె లోపల ఒక మూల చిన్న ఆవరణ చేసి, మగదాన్ని బయట ఉంచి, ఆడదాన్ని మెల్లగా అందులోకి మళ్లించారు. మేత పెంచాం. పొద్దున బర్సీం, సాయంత్రం బర్సీం, మధ్యలో బార్లీ. అంతా నేల మీదే. ఈనే పశువుకు కడుపునిండా పెట్టాలి, ఆ విషయంలో సూడాన్‌కూ కడపకూ కోరుట్లకూ తేడా లేదు. ఆవరణ చిన్నది కావడంతో నేల తొందరగా దున్నినట్టు అయింది. బార్లీ గింజ ఇసుకలో కలిసిపోతే అది మూతితో వెతుక్కుని తినేది. వెతుక్కుని తింటోంది కాబట్టి ఆకలి బాగుందని సంతోషపడ్డాం.

అప్పుడే ముసలాయన ఒక మాట అన్నాడు. ఈనబోయే దాన్ని ఎక్కువ మంది చూడకూడదు. ఫోటో అసలే తీయకూడదు, దిష్టి తగులుతుంది. ముదీర్ వెంటనే ఔనన్నాడు. నేనూ అన్నాను. మా ఇంట్లో చూడి బర్రెను కొత్తవాళ్ల కంట పడకుండా గోనెసంచి కట్టి దాచేవాళ్లు. ఇంట్లో చేసిన పనిని ఇక్కడ కాదనడానికి నాకు కారణం కనపడలేదు. ఖర్జూరపు నారుకు నీడ కోసం తెచ్చిన ఆకుపచ్చ వలను ఆవరణ చుట్టూ కట్టేశాం. మేత వేసేటప్పుడు ముసలాయన ఒక్కడే వల ఎత్తి, చూపు దించుకుని, వేసి వచ్చేసేవాడు. ఇన్ని నెలలు రోజూ చూసిన నేను, చూడవలసిన రోజుల్లో చూడడం మానేశాను. కొలత కూడా అక్కడితో ఆగింది. ఆఖరి అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది. కానీ దానితో ఇప్పుడు ఎవరికీ పని లేదు.

మగది ఆ రోజుల్లో కంకర కుప్ప దిగలేదు. ఆకుపచ్చ వల వైపే చూస్తూ నిలబడేది. దాని ఫోటోలు తీశాను. ఒకదానిలో వల గాలికి ఉబ్బి ఉంటుంది, దాని నీడ మగదాని కాళ్ల దాకా వచ్చి ఉంటుంది. యజమాని దాన్ని తన ఫోను తెర మీద పెట్టుకున్నాడని ముదీర్ చెప్పాడు.

ఒక ఉదయం ట్యాంకరు తమ్ముడు బండి మీద నిలబడి గొట్టం తగిలిస్తూ, వల పైనుంచి లోపలికి చూశాడు. కిందికి దూకి నా దగ్గరికి ఉరికి వచ్చాడు.

"అన్నా, అది పండుకుంటున్నది, లేస్తున్నది. కాలుతోటి నేల గీక్కుంటున్నది. మల్ల మల్ల డొక్క దిక్కు చూసుకుంటున్నది."

"నొప్పులు," అన్నాను.

"నొప్పులే. మా బర్రె గూడ గిట్లనే చేస్తది."

ముసలాయనకు చెప్పాం. ఆయన కళ్లు మూసుకుని ఏదో చదువుకున్నాడు. తర్వాత తమ్ముణ్ణి కసురుకున్నాడు, "నీ బండి తీసుకుని అవతలికి పో. దానికి మనిషి వాసన తగలకూడదు." తమ్ముడు ట్యాంకులో సగం నీళ్లు ఉండగానే బండి తీశాడు. పోతూ పోతూ కిటికీలోంచి, "ఆడిదైతే నా పేరు పెట్టుర్రి," అని అరిచాడు. మేం నవ్వాం. ముదీర్ లోపలి నుంచి టీ పంపించాడు. అందరం స్టోరు నీడలో కూర్చుని, మాట తగ్గించి, వల వైపు చెవి పెట్టి ఆ రోజంతా గడిపాం. పుడితే దానికి పాలు చాలతాయా, మగదాన్ని ఎప్పుడు కలపాలి, ఇవే మాటలు. ముసలాయన నేను ఎప్పుడూ చూడనంత మాట్లాడాడు.

ఆ రోజు ఏమీ జరగలేదు. మరుసటి రోజు పొద్దున కూడా వల వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. మేత వేసినది వేసినట్టే ఉందని ముసలాయన చెప్పాడు. ఈనే ముందు తినదు, అన్నాం. పదిగంటలయ్యేసరికి నాకు కూర్చోబుద్ధి కాలేదు. కెమెరా మెడలో వేసుకుని లేచాను. ముసలాయన వద్దనలేదు. ఆయన మొహం కూడా అప్పటికి మారిపోయింది.

వల అంచు ఎత్తి మోకాళ్ల మీద కూర్చున్నాను. అది మూలన కంచె వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. నేను వచ్చిన చప్పుడుకు చెవి ఒకటి కదిలింది. తిరగలేదు. ఇన్నాళ్లలో మొదటిసారి నాకు వీపు చూపి, అట్లాగే నిలబడింది.

అలవాటు కొద్దీ కెమెరా ఎత్తాను. లెన్సులో వెనక కాళ్ల మధ్య భాగం స్పష్టంగా కనిపించింది. పొదుగు లేదు. అక్కడ చర్మం వేలాడుతోంది, ఎండిన సంచిలాగా. తోక కింద తడి లేదు, వాపు లేదు. కడుపు మాత్రం రెండు పక్కలకూ ఉబ్బి, కింది భాగం బరువుకు సాగి ఉంది. నేను ఫోటో తీశాను. వెనక నుంచి తీసిన ఫోటో నా దగ్గర ఉన్నది అదొక్కటే.

డాక్టరును పిలవమని ముదీర్‌తో చెప్పాను. ఆయన నా మొహం చూసి ఫోను తీశాడు. డాక్టరు ఈజిప్టు మనిషి, గుర్రాలను చూసేవాడు. మధ్యాహ్నానికి వచ్చాడు. అప్పటికి అది పడుకుని ఉంది. మత్తు అవసరం లేకుండానే చేయి వేయనిచ్చింది. ఆయన చెవి పెట్టి విన్నాడు, పిడికిలితో కడుపు కింద నొక్కి చూశాడు. మా వైపు తిరిగి, "దీనికి మేత ఎక్కడ వేస్తారు?" అని అడిగాడు.

చెప్పనక్కర లేదు. పొద్దుటి బర్సీం ఆయన బూట్ల కిందే ఉంది.

నూనె పట్టించాడు, సూదులు వేశాడు. కోసి తీయగలిగే దశ దాటిందన్నాడు. పొద్దు వాలాక చేసే అసర్ నమాజు వేళకు ముందే అది పోయింది. ముసలాయన దాని మొహం మీద నుంచి ఈగలు తోలుతూ పక్కనే కూర్చున్నాడు. అడవి జంతువు బతికి ఉండగా ఆయన దాన్ని ముట్టుకున్నది ఆ రెండు గంటలే.

డాక్టరు కడుపు కోసి చూపించాడు. చూపించకపోతే బాగుండేదని నేను అనను. ఇసుక. తడి ఇసుక, కట్టుబడికి కలిపి పెట్టుకున్న దానిలాగా, మడతల్లో గట్టిపడి. బకెట్లలోకి తోడారు. బకెట్ ఇసుక ఎంత తూగుతుందో నాకు తెలుసు. పదేళ్లు అదే పని. బకెట్లు లెక్కపెట్టుకున్నాను. నా అంకె ఒక్కసారి కూడా తప్పలేదు. కడుపు నెలనెలా పెరిగిన మాట నిజం, ఎంత పెరిగిందో కూడా నిజం. మేం పిల్ల అనుకుని సాయంత్రం మేత కూడా కలిపాక ఇంకా తొందరగా పెరిగి ఉంటుంది.

రెండు రోజులకు నీళ్లు తెచ్చిన తమ్ముడు బండి దిగకుండానే, "ఈనిందా అన్నా?" అన్నాడు. చెప్పాను. "గా నొప్పులు నొప్పులే గదన్నా మరి," అన్నాడు. ఆ రోజు నీళ్ల గొట్టం నేనే తగిలించాను.

డాక్టరు పోతూ మగదాని కోసం రెండు మాటలు చెప్పిపోయాడు. మేత నేల మీద వేయొద్దు, ఎత్తైన తొట్టిలో వేయండి. దాని పేడ సీసాలో నీళ్లు పోసి కలిపి కదలకుండా ఉంచండి, ఇసుక ఉంటే అడుగున దిగుతుంది. మొదటి పని ముదీర్‌ది, రెండోది నాది.

ముదీర్ ఈసారి ఆలస్యం చేయలేదు. యజమానితో ఏం మాట్లాడాడో తెలీదు గానీ, వారంలో తొట్లు వచ్చాయి. దూరం నుంచి కనపడకుండా ఇసుక రంగు వేసినవి. బర్సీం నింపి పెట్టాం. మగది దగ్గరికి రాలేదు. కంకర కుప్ప మీద నిలబడి తొట్టి వైపు చూసి బుసకొట్టేది. కొత్త వస్తువు అది, నిన్న లేనిది ఇవాళ వచ్చింది. అడవిలో పుట్టినదానికి అదే చాలు. మాకు ఓపిక ఉంది. ఒక రోజు తినలేదు. రెండో రోజు తినలేదు. మూడో రోజు దాని వీపు ఎముకలు కంటికే ఆనాయి, ఫోటో అక్కర లేకపోయింది. తొట్టి నిలువు తగ్గించి చూశాం, చోటు మార్చి చూశాం, మొదట్లో అది తిన్న పాత ఇనుప తొట్టి ఒకటి వెతికి తెచ్చి పెట్టాం, దాన్నీ మరిచిపోయినట్టుంది. తొట్టి పక్కన నేల మీద రాలిన నాలుగు పోచలు మాత్రం సాయంత్రం చూస్తే లేవు.

నాలుగో రోజు ముసలాయన బర్సీం కట్ట విప్పి నేల మీద పరిచాడు. నేను అక్కడే ఉన్నాను. ఆపలేదు.

"ఏం చేయమంటావు ముహందిస్? ఆకలితో ఈ వారం పోవాలా, ఇసుకతో వచ్చే ఏడాది పోవాలా? నీ లెక్కలో ఏది మేలు?"

"రెండోదే," అన్నాను.

కింద ప్లాస్టిక్ పట్టా వేసి చూశాం. దాని మీద కాలు పెట్టలేదు. రబ్బరు పట్టా తెప్పిస్తానని ముదీర్ అన్నాడు, అది వచ్చేలోపు అతిథులు వచ్చారు, తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు రోజూ పరిచే ముందు నేల ఊడుస్తాం. ఊడ్చిన కొద్దీ కింద ఉన్నది కూడా ఇసుకే.

పేడ సీసా స్టోరు కిటికీలో పెడతాను. కలిపి పక్కన పెడితే, టీ తాగి వచ్చేసరికి అడుగున దిగి ఉంటుంది. ముసలాయన రోజూ వచ్చి తొంగి చూస్తాడు. "తగ్గిందా?" అంటాడు. సీసా ఎత్తి చూపిస్తాను. ఆయనకు స్కేలు అక్కర లేదు. చీపురు తీసుకుని పోతాడు.

కొత్తవి తెప్పిస్తాడట యజమాని, ఈసారి ఆడవి ఎక్కువగా. వాటికీ ఇదే నేల.

ఈ నెల ఫోటో మొన్న తీశాను. మగది కంచె పక్కన అడ్డంగా నిలబడింది, వెలుతురు బాగుంది, తల దించి మేస్తోంది. స్క్రీను మీద స్కేలు పెట్టాను. కడుపు పోయిన నెల కన్నా కిందికి దిగింది, అంకె పెరిగింది. మగదాని విషయంలో దానికి ఇంకో అర్థం చెప్పుకోవడానికి కూడా లేదు. ఫోటో ముదీర్‌కు పంపాను. యజమానికి చాలా నచ్చిందని సాయంత్రానికి జవాబు వచ్చింది.